చెవితో చూడాల్సిన సినిమా

*1954లో ఒక వైణికుడు పాటలన్నీ పక్కనపెట్టి తీసిన హత్య కథ ‘అంద నాళ్’. శివాజీ గణేశన్ పేరు చెప్పగానే గుర్తొచ్చే సినిమాల్లో ఇది ఎక్కడో చివరన ఉంటుంది. ఉండాల్సిన చోటు మాత్రం అది కాదు.*

సినిమా మొదలవుతూనే హీరో చచ్చిపోతాడు. తుపాకి పేలుతుంది. శివాజీ గణేశన్ గుండు తగిలి తూలి కూలిపోతాడు. ఎవరు కాల్చారో తెరమీద కనిపించదు.

1954 ఏప్రిల్ 13న, తమిళ సంవత్సరాదికి ఈ సినిమా విడుదలైంది. అంతకు నలభై రోజుల ముందే ‘మనోహర’ వచ్చింది. సంకెళ్ళు వేసుకుని నిండు కొలువులో నిప్పులు కురిపించిన శివాజీ గొంతు తమిళ ప్రేక్షకుల చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. పండగపూట ఆ గొంతు వినడానికే వాళ్ళు టిక్కెట్లు కొన్నారు. తెర లేవగానే ఆ మనిషి శవమయ్యాడు. పోనీ, కాసేపటికి పాటైనా వస్తుందేమో అని చూశారు. రాలేదు. నాట్యం లేదు, కత్తియుద్ధం లేదు. రెండు గంటల పైచిలుకు సినిమా అంతా మాటలు, అడుగుల చప్పుళ్ళు, నీడలు. కోపం వచ్చినవాళ్ళు మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు.

తమిళంలో పాటల్లేని మొదటి సినిమాగా ‘అంద నాళ్’ చరిత్రలోకెక్కింది. క్విజ్ పోటీల్లో అడుగుతారు, సినిమా చరిత్ర పుస్తకాల్లో ఒక వాక్యం రాస్తారు. ఏం లేదన్నదే దాని గుర్తింపయింది. అందులో ఏం ఉందో చెప్పేవాళ్ళు తక్కువ. నా దృష్టిలో ఈ సినిమాకు జరిగిన అన్యాయం ఆడకపోవడం కాదు, ఆ ఒక్క వాక్యంలో ఇరుక్కుపోవడం. పాటలు తీసేశాక మిగిలిన నిశ్శబ్దాన్ని దర్శకుడు ఎలా వాడుకున్నాడో గమనిస్తే ఇది మొదటినుంచి చివరిదాకా శబ్దం మీద నడిచిన సినిమా అని తెలుస్తుంది. చనిపోయినవాడు రేడియో ఇంజనీరు. హత్య గురించి బయటివాళ్ళకు తెలిసింది తుపాకి మోత వల్ల. దర్శకుడు కర్ణాటక సంగీతంలో పేరున్న వైణికుడు. కథ మొదట రాసుకున్నది రేడియో కోసం. ఇవన్నీ ఒకే చోట చేరిన సినిమా మరొకటి నాకు తెలియదు.

సైరన్ మోగిన రాత్రి

కథాకాలం 1943 అక్టోబర్. ఆ నెల 11వ తేదీ రాత్రి జపాన్ విమానం మద్రాసు మీద బాంబులు వేసింది. అది కల్పన కాదు, నిజంగా జరిగింది. నష్టం పెద్దగా లేకపోయినా, ఏడాదిన్నరగా భయం భయంగా బతుకుతున్న నగరానికి ఆ రాత్రి పీడకల అయింది.

ఆ భయం తెలుగువాళ్ళకు మరింత బాగా తెలుసు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. విశాఖ ఖాళీ అయి, జనం మూటాముల్లె సర్దుకుని లోపలి పల్లెలకు పోయిన కథలు ఉత్తరాంధ్ర ఇళ్ళలో తాతమ్మల నోట రెండు తరాలపాటు వినిపించాయి. తర్వాత వంతు తమదేనని మద్రాసూ ఖాళీ అయింది. బాంబుల దెబ్బకు బోనులు విరిగి క్రూరమృగాలు ఊరిమీద పడతాయేమోనని జంతుప్రదర్శనశాలలోని వాటిని ముందే కాల్చి చంపారు. కిటికీ అద్దాలకు నల్ల కాగితాలు, చీకటి వీధులు, ఎప్పుడు మోగుతుందో తెలియని సైరన్: ‘అంద నాళ్’ కథ పుట్టిన గాలి అది.

ఆ కాలంలో రేడియో వినోదం పెట్టె మాత్రమే కాదు, ఆయుధం కూడా. సినిమా కథాకాలానికి ఏడాది ముందు, క్విట్ ఇండియా రోజుల్లో బొంబాయిలో ఉషా మెహతా బృందం రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపి జైలుకు వెళ్ళింది. బెర్లిన్ నుంచి, ఆగ్నేయాసియా నుంచి సుభాష్ చంద్రబోస్ ప్రసంగాలు తరంగాల మీద వచ్చేవి. తరంగాన్ని పట్టుకోగలిగినవాడు, పంపగలిగినవాడు ప్రభుత్వాలకు కావలసినవాడు, ప్రభుత్వాలు భయపడాల్సినవాడు. కథానాయకుడు రాజన్‌ను రేడియో ఇంజనీరుగా మలచడంలోనే రచయితల తెలివి ఉంది. అతను వకీలో వ్యాపారో అయుంటే ఈ కథ ఉత్త ఇంటి గొడవగా మిగిలేది.

బాంబుల భయం తీరని మద్రాసులో, తన ఇంట్లోనే, తన పిస్టలుతోనే రాజన్ హతమవుతాడు. పక్కింటి చిన్నయ్య పిళ్ళై తుపాకి చప్పుడు విని పోలీసులకు చెబుతాడు. ఇన్‌స్పెక్టర్ నాయుడు వస్తాడు, వెనకాలే సి.ఐ.డి. అధికారి శివానందం దిగుతాడు. అనుమానితులు అయిదుగురు. భార్య ఉష, తమ్ముడు పట్టాభి, మరదలు హేమ, రాజన్ చాటుగా సంబంధం పెట్టుకున్న అంబుజం, చప్పుడు విన్న ఆ చిన్నయ్య పిళ్ళై. ఒక్కొక్కరూ తమకు తెలిసిన రాజన్‌ను చెబుతారు. ఆస్తిలో వాటా కోసం అన్నదమ్ముల పేచీ ఒకరి మాటల్లో బయటపడుతుంది, రహస్య సంబంధం ఇంకొకరి మాటల్లో, డబ్బు వ్యవహారం మరొకరి మాటల్లో. ప్రతి కథా ముగిసేసరికి వేలు మరొకరి మీదికి తిరుగుతుంది.

‘మరో చరిత్ర’ బాలచందర్ కాదు

ఈ సినిమా మరుగున పడటానికి ఒక చిన్న కారణం దర్శకుడి పేరు. బాలచందర్ అనగానే మనకు ‘మరో చరిత్ర’, ‘అంతులేని కథ’ తీసిన కె. బాలచందర్ గుర్తొస్తారు. ఈయన ఎస్. బాలచందర్. 1927లో మద్రాసులో పుట్టారు. సంగీతప్రియుల నోట ‘వీణ బాలచందర్’.

ఇంటిల్లిపాదీ కళాకారులే. అన్న ఎస్. రాజం గాయకుడు, నటుడు, త్యాగరాజ దీక్షిత శ్యామశాస్త్రుల రూపాలను జనం మనసుల్లో ముద్రించిన చిత్రకారుడు. 1934లో ప్రభాత్ సంస్థ తీసిన తమిళ ‘సీతా కల్యాణం’లో ఆ అన్నే రాముడు, అక్క జయలక్ష్మి సీత. ఏడేళ్ళ బాలచందర్ అందులో కంజీర వాయిస్తూ కనిపిస్తాడు. గురువంటూ లేకుండానే తబలా, సితార, చివరికి వీణ పట్టాడు. 21 ఏళ్ళకే సినిమా దర్శకుడయ్యాడు. నటించడం, పాడటం, బాణీ కట్టడం, తీయడం అన్నీ తానే చేయగలిగిన మనిషి. అంత సంగీతం చేతిలో ఉన్నవాడు సంగీతం మానేయాలని నిర్ణయించుకోవడం మామూలు విషయం కాదు. పాట చేతకానివాడు పాటలు తీసేస్తే అది లోటు. పాటే ప్రాణమైనవాడు తీసేస్తే దాని వెనక లెక్క ఉంటుంది.

1952లో మన దేశంలో తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగింది. బొంబాయిలో మొదలై మద్రాసు, ఢిల్లీ, కలకత్తాల్లోనూ ఆడింది. కురొసావా ‘రషోమన్’ ఆ రోజుల్లోనే మన సినిమా దర్శకుల మతి పోగొట్టింది. బాలచందర్ కూడా ఒక చిత్రోత్సవంలో ఆ సినిమా చూసి, ఒకే చావును ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్పే ఆ పద్ధతిలో ఒక నాటకం రాసి ఆకాశవాణికి ఇచ్చారు. ఈ కాలానికి ఇది పనికిరాదు, చాలా ముందుంది అని అక్కడివాళ్ళు తిప్పిపంపారు. ఆ కథనే ఎ.వి.ఎం. అధినేత ఎ.వి. మెయ్యప్పన్ తీసుకున్నారు. జావర్ సీతారామన్ దాన్ని పూర్తి స్క్రీన్‌ప్లేగా, మాటలుగా మార్చారు.

మెయ్యప్పన్ ధైర్యాన్ని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఆయన వ్యాపారం మొదలైందే గ్రామఫోన్ రికార్డులతో, సరస్వతీ స్టోర్స్‌తో. పాటలమ్ముకుని పైకొచ్చిన మనిషి పాటల్లేని సినిమాకు డబ్బు పెట్టాడు. అదీ ఎలాంటి సమయంలో? సమాచార ప్రసార మంత్రి బి.వి. కేస్కర్ పుణ్యమా అని 1952 నుంచి ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు మూగబోయింది. పాట కోసం దేశమంతా రేడియో సిలోన్ వైపు ముల్లు తిప్పుకుంది. సినిమా పాటకు జనం అంత మొహం వాచి ఉన్న రోజులవి.

‘రషోమన్’కు నకలా?

ఈ సినిమా గురించి మాట్లాడేవాళ్ళు రెండో వాక్యంలో ‘రషోమన్’ తెస్తారు, మూడో వాక్యంలో నకలు అనేస్తారు. ఆ మాటకు నేను ఒప్పుకోను.

‘రషోమన్’లో బందిపోటు తానే చంపానంటాడు. సమురాయ్ భార్య తన చేతుల్లోనే జరిగిందన్నట్టు చెబుతుంది. చచ్చిన సమురాయ్ ఆత్మ వచ్చి, నన్ను నేనే పొడుచుకున్నానంటుంది. అక్కడ ప్రతివాడూ ఆ చావును తన ఖాతాలో వేసుకోవాలని చూస్తాడు, తన గొప్ప నిలబడటం కోసం. ‘అంద నాళ్’లో ప్రతివాడూ దాన్ని పక్కవాడి ఖాతాలోకి తోస్తాడు. ఇది మధ్యతరగతి ఇంటి లోకం. ఇక్కడ ఎవరికీ గొప్ప అక్కర్లేదు, పరువు మిగిలితే చాలు. కురొసావా కథ అడవిలో జరిగితే ఇది ఎక్కువభాగం ఇంట్లో జరుగుతుంది. అడవిలో నిజం ఎప్పటికీ తేలదు. ఈ ఇంట్లో తేలుతుంది, తేలడమే ఆ ఇంటికి శిక్ష. ఇంకా దగ్గర పోలిక కావాలంటే ఆంథొనీ ఆస్క్విత్ తీసిన బ్రిటిష్ సినిమా ‘ది వుమన్ ఇన్ క్వశ్చన్’ (1950) చూడాలి. హత్యకు గురైన స్త్రీని అయిదుగురు అయిదు రకాలుగా చెబుతారందులో. ఆ రెండు సినిమాల్లోనూ లేనిది, ‘అంద నాళ్’ సొంతంగా తెచ్చుకున్నది యుద్ధకాలపు మద్రాసు. ఇంటి రహస్యం, దేశ రహస్యం ఒకే మనిషి జేబులో ఉండటం.

శవం చేసిన నటన

రాజన్ పాత్రకు మొదట ఎంచుకున్నది శివాజీని కాదు. కలకత్తాలో బోధించే ఆచార్యుడు ఎన్. విశ్వనాథన్‌తో షూటింగ్ కొంత నడిచింది. తీసిన భాగం చూసి మెయ్యప్పన్‌కు తృప్తి కలగలేదు. శివాజీని పెట్టి మళ్ళీ తీద్దామన్నారు. బాలచందర్‌కు అది నచ్చలేదు, చివరికి ఒప్పుకోక తప్పలేదు. (విశ్వనాథన్ ఆ తర్వాత సత్యజిత్ రాయ్ ‘కాంచన్‌జంఘా’లో పెళ్ళికొడుకు కావాలనుకునే బెనర్జీగా మెరిశారు. ‘మూండ్రు ముడిచ్చు’లో శ్రీదేవిని పెళ్ళాడే పెద్దమనిషీ ఆయనే. నటన రానివాడు కాదన్నమాట.)

నటుణ్ణి మార్చడం వల్ల సినిమా స్వభావమే మారిందని నాకనిపిస్తుంది. కొత్త ముఖం చనిపోతే అది హత్య. అప్పుడే ఆకాశానికెక్కుతున్న తార చనిపోతే అది ప్రేక్షకుడి మీద దెబ్బ. ‘పరాశక్తి’తో శివాజీ తెరమీదికొచ్చి అప్పటికి ఏడాదిన్నర. ‘పరదేశి’, ‘పెంపుడు కొడుకు’లతో తెలుగువాళ్ళకూ తెలిసిన ముఖం. ఆయన్ను మనం ప్రేమించడానికి సిద్ధంగా వస్తాం. ఒక్కో వాంగ్మూలం ఆ ప్రేమలో కొంత కోసేస్తుంది. తమ్ముడి కథలో ఉన్న అన్న వేరు, అంబుజం చెప్పే మనిషి వేరు, ఉష పెళ్ళాడిన కుర్రాడు వేరు. శివాజీ వీళ్ళందర్నీ ఒకే ఒళ్ళుతో చేయాలి. అయినా ప్రతివాళ్ళ రాజన్‌నూ వేరు చేయాలి.

ఆయన దాన్ని గొంతుతో సాధించారు. ‘మనోహర’లో కోట గోడలు దాటిన గొంతు ఇక్కడ గది దాటదు. కొందరి కథల్లో రాజన్ మాటలు పొడిగా, ముక్కలుగా వస్తాయి. ఉష కథలో అదే గొంతు వెచ్చబడుతుంది, అందుకే ఆ తర్వాత అది చల్లబడటం మనకు తెలుస్తుంది. శివాజీది ఎప్పుడూ అతి అని తేలిగ్గా తీసిపారేసేవాళ్ళకు ఈ సినిమా చూపించాలి. మేటి తార తనను తాను ఇంత అసహ్యంగా చూపించుకోవడానికి ఒప్పుకోవడం ఆ రోజుల్లో ఎంత సాహసమో చెప్పడానికి ఆ ఏడాది వచ్చిన మిగతా సినిమాల పోస్టర్లు చాలు. ‘తిరుంబిప్పార్’ (1953) తర్వాత చెడ్డవాడిగా ఆయన మళ్ళీ చేసిన పని ఇది. తర్వాత ‘రంగూన్ రాధ’ (1956)లోనూ చేశారు.

పండరీబాయి

నిజానికి ఈ సినిమా పండరీబాయిది. మనవాళ్ళలో చాలామందికి ఆమె తెల్లచీర తల్లి, దగ్గుతో మంచాన పడ్డ తల్లి, కొడుకు కోసం గుడిమెట్లెక్కే తల్లి. ‘దైవమగన్’ (1969)లో ఇద్దరు శివాజీలకు తల్లి, మరో శివాజీకి భార్య. ఆ తల్లి పాత్రలు ఆమె అసలు సత్తాను కప్పేశాయి. 1954లో ఆమె వయసు పాతికా ముప్పై మధ్య. ఆ ఏడాదే కన్నడంలో ‘బేడర కణ్ణప్ప’, కథానాయకుడిగా రాజ్‌కుమార్ తొలి సినిమా, అందులోనూ ఆమే నాయిక.

ఉష పాత్ర మీద సినిమా బరువంతా ఉంది. మొగుడు పోయిన ఆడదిగా ఆమె ఏడవాలి, అనుమానితురాలిగా జవాబులివ్వాలి, చెప్పకూడనిది దాచాలి. పండరీబాయి కళ్ళు పెద్దవి, వాటిని ఆమె చాలా పొదుపుగా వాడారు. మిగతావాళ్ళు చెబుతున్నప్పుడు కెమెరా ఆమె వైపు వెళ్ళినా ముఖం ఏమీ ఇవ్వదు. భర్త ఎలాంటివాడో తెలిసిన భార్య, ఊరంతా అతని గురించి తప్పుగా మాట్లాడుతుంటే విని ఊరుకోవడంలో ఎంత బాధ ఉందో, దాన్ని మాటల్లేకుండా చేశారు. పాటే ఉండి ఉంటే దర్శకుడు ఇక్కడ ఒక శోకగీతం పెట్టేవాడు. అది లేకపోవడం ఆమెకు వరమైంది.

ఉష చెప్పే కథ చివర వస్తుంది. కాలేజీ రోజుల ప్రేమ, పెళ్ళి, భర్త మేధ మీద ఆమెకున్న గర్వం. రాజన్ కనిపెట్టిన రేడియో పరికరాన్ని ఇక్కడి ప్రభుత్వం పట్టించుకోదు. ఆ అవమానం అతనిలో పుండవుతుంది. మెచ్చుకున్నవాడు జపాన్‌వాడు. మెప్పుతో మొదలైన బేరం దేశ రహస్యాల అమ్మకం దాకా పోతుంది. అది ఉషకు తెలుస్తుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో, పిస్టలు ఎవరి చేతిలో పేలిందో నేను చెప్పను. డెబ్భై ఏళ్ళు దాటినా ఆ రహస్యం చూసేవాళ్ళకే దక్కాలి.

మిగతావాళ్ళు

జావర్ సీతారామన్ రెండు పాత్రలు పోషించారు, తెరవెనక రచయిత, తెరమీద శివానందం. తాను రాసిన ప్రశ్నలు తానే అడిగే అధికారి. ఆయన గొంతులో తొందర ఉండదు. ఎదుటివాడు అబద్ధం పూర్తిగా చెప్పేదాకా ఆగి, తర్వాత ఒక్క చిన్న ప్రశ్న వేస్తాడు. ‘వీరపాండ్య కట్టబొమ్మన్’లో బానర్‌మన్ దొరగా, ‘కర్ణన్’లో భీష్ముడిగా ఆయన ముఖం చాలామంది చూసే ఉంటారు. కమల్‌హాసన్ తొలి సినిమా ‘కళత్తూర్ కణ్ణమ్మ’ రాసిందీ ఆయనే. అది మన దగ్గర అక్కినేని, జమునలతో ‘మూగనోము’ అయింది.

పట్టాభిగా మలయాళ నటుడు టి.కె. బాలచంద్రన్, చిన్నయ్య పిళ్ళైగా పి.డి. సంబంధం, హేమగా మేనక, అంబుజంగా సూర్యకళ. వీరిలో సంబంధం గొప్పగా చేశారు. పక్కింటి గోడకు చెవి ఆనించే మనుషులు ప్రతి వీధిలో ఉంటారు, వాళ్ళ ఆసక్తినీ భయాన్నీ కలిపి చూపించారాయన. హేమ, అంబుజం పాత్రలకు రచన అంత న్యాయం చేయలేదు. ఒకరు గయ్యాళి మరదలు, ఇంకొకరు చాటు మనిషి, అంతకుమించి వాళ్ళకు లోపలి బతుకు తక్కువ. ఉషకిచ్చిన శ్రద్ధలో నాలుగోవంతు వాళ్ళకిచ్చి ఉంటే సినిమా ఇంకో మెట్టు ఎక్కేది.

నీడలు, చప్పుళ్ళు

కెమెరా ఎస్. మారుతీరావుది. ‘పరాశక్తి’ తీసిన ఛాయాగ్రాహకుడే. అక్కడ వీధులు, కోర్టు, గుడి, జనం. ఇక్కడ దాదాపు ఒకే ఇల్లు. చూసిన గదినే మళ్ళీ మళ్ళీ చూపించాలి, ప్రతిసారీ అది వేరే గదిలా ఉండాలి. ఆయన దీపాన్ని కిందికి దించారు, కెమెరాను నేల దగ్గరికి దించారు, మనుషులకంటే వాళ్ళ నీడల్ని పెద్దవి చేశారు. హాలీవుడ్‌లో యుద్ధానంతరం వచ్చిన నేర కథల వెలుగునీడల్ని మద్రాసు ఇంట్లోకి తెచ్చిన ఘనత ఆయనదే. ఎస్. సూర్య కూర్పు కథనుంచి కథలోకి జారే తీరు ఇప్పటికీ సినిమా విద్యార్థులకు పాఠం.

నేపథ్య సంగీతానికి ఎవరి పేరూ వేయలేదు, ఎ.వి.ఎం. సొంత వాద్యబృందం పనిచేసింది. కానీ ఆ పని మీద దర్శకుడి చెవి పడ్డట్టు ప్రతి సన్నివేశమూ చెబుతుంది. వీణ తెలిసినవాళ్ళకు ఒక సంగతి తెలుసు. మీటిన స్వరానికి ఎంత విలువో, అది ఆరిపోయే దాకా ఆగడానికీ అంతే విలువ. బాలచందర్ కచేరీల్లో ఒక్క మీటుతో తీగను లాగి నాలుగైదు స్వరాలు పలికించి, తర్వాత ఖాళీ వదిలేవారు. ఈ సినిమాలో తుపాకి మోత అలాంటి మీటు. ఆ తర్వాత వచ్చే రెండు గంటలూ దాని మోతే. అయిదుగురి నోటా ఆ ఒక్క చప్పుడు చుట్టూనే కథ తిరుగుతుంది, దాని వెనక చెయ్యి ఎవరిదో ఒక్కొక్కరూ ఒక్కోలా ఊహిస్తారు. సాక్షులందరూ చెవులే, కళ్ళు లేవు.

ఎవరి దేశం?

ఈ సినిమాతో నాకొక వాదన ఉంది, దాన్నీ చెప్పాలి. 1943 అక్టోబర్ 21న, కథలోని హత్య జరిగిన పది రోజులకు, సింగపూర్‌లో బోస్ ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించారు. జపాన్ అండతోనే. ఆ రోజుల్లో దేశం బ్రిటిష్‌వాడి చేతిలో ఉంది. జపాన్‌తో చేయి కలిపినవాళ్ళలో దేశభక్తులున్నారు, బేరగాళ్ళున్నారు. 1954లో స్వతంత్ర దేశంలో కూర్చుని తీసిన ఈ సినిమా ఆ చిక్కును తప్పించుకుంది. రాజన్‌కు ఆశయం లేదు, గాయపడ్డ అహం మాత్రమే ఉంది. అందువల్ల తీర్పు సులువైంది. చివరి భాగంలో దేశం గురించి మాటలు అవసరానికి మించి సాగుతాయి, అప్పటిదాకా నిశ్శబ్దాన్ని నమ్మిన సినిమా అక్కడ ప్రేక్షకుణ్ణి నమ్మలేదు. రాజన్‌కు ఒక నిజమైన వాదన ఇచ్చి ఉంటే ఉష పడ్డ నరకం ఇంకా లోతుగా తెలిసేది.

అయినా సినిమా గట్టిగా పట్టుకున్న నిజం ఒకటుంది. సింహాసనం మీద ఎవరున్నా బాంబు పడేది వీధిలో నిద్రపోతున్నవాడి మీద. విశాఖలో, కాకినాడలో, మద్రాసులో అదే జరిగింది. ఉష వేదన అక్కణ్నుంచే పుట్టింది.

తర్వాత

తొలి విడుదలలో సినిమా నష్టపోయింది. జాతీయ పురస్కారాల్లో 1954కు ప్రశంసాపత్రం వచ్చాక మళ్ళీ విడుదల చేస్తే కాస్త ఆదరణ దక్కింది. హిందీలో అదే సంవత్సరం కె.ఎ. అబ్బాస్ ‘మున్నా’ పాటల్లేకుండా తీశారు. బి.ఆర్. చోప్రా ‘కానూన్’ 1960లో, యశ్ చోప్రా ‘ఇత్తెఫాక్’ 1969లో వచ్చాయి. పాటల్లేని సస్పెన్స్ అంటే దేశమంతా ఆ రెండింటినే తలుచుకుంటుంది. వాటికి ముందే మద్రాసులో ఒకరు చేసి చూపించారన్నది ఎవరికీ గుర్తుండదు.

రెండేళ్ళకే బాలచందర్ తెలుగులోకి వచ్చారు. 1956లో నాగభూషణం, షావుకారు జానకితో ‘ఏది నిజం’ తీశారు. దానికీ జాతీయ ప్రశంసాపత్రం వచ్చింది. నాగభూషణం అనగానే కుటిల జమీందారు, రక్తకన్నీరు గుర్తొచ్చే మనకు ఆయన కథానాయకుడిగా నటించిన ఈ సినిమా గురించి తెలిసింది తక్కువ. ‘అంద నాళ్’ చూసినవాళ్ళు దాన్నీ వెతుక్కుని చూడాలి, రెండింటిలో ఒకే మనిషి పట్టుదల కనిపిస్తుంది. తమిళంలో ఆ తర్వాత ‘అవనా ఇవన్’ (1962), ‘బొమ్మై’ (1964), ‘నడు ఇరవిల్’ (1970) చేశారు. మూడూ ఉత్కంఠ కథలే. ‘బొమ్మై’ చివర్లో తనతో పనిచేసిన సాంకేతికులను తెరమీదికి పిలిచి ప్రేక్షకులకు పరిచయం చేశారు. ‘నడు ఇరవిల్’ తర్వాత సినిమా వదిలేసి పూర్తిగా వీణకే అంకితమయ్యారు. 1982లో పద్మభూషణ్ అందుకున్నారు, 1990లో భిలాయ్‌లో కన్నుమూశారు.

తమిళం రాదని ఆగకండి. మాటలు స్పష్టంగా, నిదానంగా ఉంటాయి, సగం మనకు తెలిసిన మాటలే. ఫోను తెరమీద చూసినా సరే, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, చుట్టూ చప్పుడు లేనప్పుడు చూడండి. ఒకసారి ముగింపు తెలిశాక రెండోసారి చూసేటప్పుడు మాట్లాడేవాళ్ళను వదిలేసి ఉషను మాత్రమే గమనించండి. శివానందం ఇంట్లో అడుగుపెట్టిన క్షణం నుంచి పండరీబాయి ఏ ప్రశ్నకు తల ఎత్తారో, ఏ ప్రశ్నకు ఎత్తలేదో అప్పుడు తెలుస్తుంది.